మోటారు ఆగని రాత్రి

ధన్‌బాద్ నుంచి అలప్పుళ వెళ్ళే రైలును మా రాజమండ్రి వైపు చాలామంది ఇప్పటికీ బొకారో అనే అంటారు. కార్తీకం వచ్చిందంటే సగం పెట్టెల్లో నల్లబట్టల స్వాములే. ఆ శరణుఘోషల మధ్య, మాలా దీక్షా ఏమీ లేకుండా, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారేజీ పెట్టుకుని కూర్చున్న బెంగాలీ దంపతులు నా ఎదుటి బెర్తులవాళ్ళు. ఆయన ధన్‌బాద్ దగ్గర ఒక బొగ్గుగనిలో పంపులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పై బెర్తులో అనకాపల్లి కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. విజయవాడ దాటేసరికి నేను వాళ్ళను దాదా, బౌది అనేస్తున్నాను, కుర్రాడు నన్ను అన్నగారూ అంటున్నాడు. అందరిదీ హౌస్‌బోటు ఆలోచనే. ఒక్కడే తీసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి, రెండు గదుల పడవ ఒకటి నలుగురం కలిసి తీసుకుందామని కోయంబత్తూరు రాకముందే తేల్చేశాం.

కోనసీమవాణ్ణి కేరళ చూడ్డానికెందుకు వెళ్ళావని తర్వాత చాలామంది అడిగారు. కోనసీమను ఆంధ్రా కేరళ అనడం చిన్నప్పటినుంచి వినీ వినీ విసుగెత్తింది. దిండిలో మాకూ హౌస్‌బోట్లున్నాయి, కొబ్బరితోటలకైతే చెప్పక్కర్లేదు. నేను వెళ్ళింది వరి చూడ్డానికి. సముద్రమట్టానికి రెండు మీటర్ల దాకా దిగువన వరి పండించే కుట్టనాడు గురించి చదివినప్పుడల్లా నాకు కుదురు ఉండేది కాదు. కాటన్ దొర ఆనకట్ట కట్టాక మా పొలాలకు నీళ్ళు పెట్టడమే మాకు తెలిసిన వ్యవసాయం. నీళ్ళు తోడి పారబోస్తే తప్ప పొలం కనిపించని వ్యవసాయం ఎలా ఉంటుంది?

అలప్పుళలోని పున్నమడ రేవులో మధ్యాహ్నం పన్నెండుకి పడవెక్కాం. సరంగు, వంటాయన, ఇంజన్ చూసుకునే కుర్రాడు, మొత్తం ముగ్గురు సిబ్బంది. సరంగు చాలాకాలం గల్ఫులో ఉండి వచ్చినవాడు, హిందీ బాగానే మాట్లాడతాడు. కొబ్బరి బోండాలు చేతికిచ్చి పడవ కదిలించాడు. వీటి అసలు పేరు కెట్టువళ్ళం. అంజిలి చెక్క పలకలను మేకు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి, జీడిగింజల తొక్క నూనె పూసి నల్లగా చేస్తారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో కుట్టనాడు ధాన్యం వీటిమీదే కొచ్చి వెళ్ళేది, గడవేసి నెట్టుకుంటూ. లారీలొచ్చి ఆ పని పోయాక, 1990లనుంచి వీటికి వెదురుచాపల పైకప్పు వేసి, మంచాలు వేసి, మనలాంటివాళ్ళను ఎక్కించుకుంటున్నారు. బస్తాలు పెట్టేచోట ఇప్పుడు ఏసీ గది ఉంది.

తిండి సంగతి బౌది పుణ్యమా అని మంచి రసవత్తరంగా నడిచింది. మధ్యాహ్నం ఎర్రబియ్యపు అన్నం, అవియల్, మజ్జిగ పులుసు, వేయించిన కరిమీన్. బౌది ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, మసాలా కింద చేప ఊపిరాడక చచ్చిపోయిందన్నారు. కాయలు అని వీళ్ళు పిలిచే సరస్సు ఒడ్డున చేపల దుకాణం దగ్గర పడవ ఆపినప్పుడు ఆవిడే దిగి బేరమాడారు. మా గోదావరిలో నీలకంఠ రొయ్యలంటామే, అవే ఇక్కడ నీలం కాళ్ళు చాపుకుని మంచుగడ్డల మీద పడుకున్నాయి. చెప్పిన ధరకి సగం దగ్గర మొదలెట్టి, ముప్పావుకు తేల్చి, నాలుగు తెచ్చారు. సంచిలోంచి ఆవనూనె సీసా తీసి వంటగదిలోకి నడిచారు. కొబ్బరినూనె తప్ప ఇంకోటి ఎరగని వంటాయన ఆ ఘాటుకి తుమ్ముతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. కొంతసేపటికి ఆయనే ఆవాలు నూరుతూ కనిపించాడు.

భోజనాల దగ్గర ఇంకో మాట తెలిసింది. కుట్టనాడు ధాన్యం కొంతకాలానికి అయిపోతుంది, ఇంట్లో ఏడాదంతా తినేది ఆంధ్రా నుంచి వచ్చే జయ బియ్యమేనన్నాడు వంటాయన. మన బియ్యం తిని బతికేవాళ్ళ వరి చూడ్డానికి ఇంతదూరం వచ్చానన్నమాట. కుర్రాడు దీనికి బాగా నవ్వాడు.

వేంబనాడు కాయలులోకి వచ్చాక ఎటు చూసినా నీళ్ళే. ఆ నీళ్ళ మధ్యలో గట్లు, గట్లమీద కొబ్బరిచెట్లు, గట్టు అవతల పొలం. పడవ అంచున నిలబడి పొలంలోకి కిందికి చూడాలి. మా ఊళ్ళో చెరువుగట్టు మీదనుంచి చెరువులోకి చూస్తాం, ఇక్కడ అదే చూపు చేనులోకి. దాదా ఒక్కసారిగా మాట మానేశారు. ఇవి ఎవరు కట్టారని అడిగితే సరంగు చిత్తిర, మార్తాండం, రాణి అని మూడు కాయలు పొలాల పేర్లు చెప్పాడు. తిరువాన్కూరు రాజవంశం మీద పెట్టిన పేర్లు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయి తిరువాన్కూరు తిండికి అల్లాడినప్పుడు, జోసెఫ్ మురిక్కన్ అనే ఆసామి రాజుగారి అనుమతితో కాయలులో గట్లు పోయించాడు. కొబ్బరి మొద్దులు అడుగున దిగ్గొట్టి, వెదురు తడికలు కట్టి, మధ్యలో బంకమట్టి నింపాలి. ఆ మట్టి ఎక్కడిదంటే, కూలీలు కాయలు అడుగుకు మునిగి చేతులతో తవ్వి తెచ్చిందే. మురిక్కన్‌ను జనం కాయల్ రాజా అన్నారు. మునిగినవాళ్ళ పేర్లు ఏ గట్టు మీదా లేవు. భూసంస్కరణలొచ్చాక ఆ పొలాలు చిన్నరైతుల చేతికొచ్చాయి. చిత్తిర పొలాల మధ్య మురిక్కన్ కట్టించిన చర్చి ఇప్పటికీ ఒంటరిగా నిలబడి ఉంది.

సాయంత్రం అయిదున్నర కొట్టేసరికి పడవ గట్టుకు కట్టేయాలి. ఆ తర్వాత నీళ్ళు జాలర్లవి, వలలు వేస్తారు, ఇంజను పడవ తిరిగితే తెగిపోతాయి. కైనకరి దగ్గర కొబ్బరిచెట్లకు తాళ్ళేసి కట్టాడు సరంగు. అరటికాయ కాదు, పండు బజ్జీలు వేశారు, టీతో బాగున్నాయి. మాకు అటూ ఇటూ మరో నాలుగు పడవలు. ఒకదానిలో హిందీ పాటలు, కాసేపటికి వాన మొదలై వాటి నోరు మూయించింది.

వాన వెలిశాక వినిపించింది, గట్టు అవతల ధన్ ధన్ మని ఒకటే చప్పుడు.

"అన్నగారూ, ప్రశాంతత కోసం వస్తే ఈ మోటారు గోలేంటి?" అన్నాడు కుర్రాడు. దాదా అప్పటికే చెప్పులేసుకుని టార్చి వెతుక్కుంటున్నారు.

గట్టు మీద రేకుల షెడ్డు. లోపల నిలువుగా పెద్ద చెక్క పీపా, దాని అడుగున తిరిగే రెక్కలు, బెల్టు తగిలించిన మోటారు. పీపాలో పైకెక్కిన నీళ్ళు అడ్డంగా ఉన్న చెక్కపెట్టెలోంచి కాలువలోకి దూకుతున్నాయి. దీన్ని పెట్టియుం పరయుం అంటారు. బ్రంటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కుట్టనాడు కోసం తయారుచేసింది. అంతకుముందు మనుషులు చక్రాల మీద కూర్చుని కాళ్ళతో తొక్కి తోడేవాళ్ళు. విత్తనం చల్లేముందు నీళ్ళు తోడేయాలి కాబట్టి ఈ నెలల్లో రాత్రీ పగలూ నడుస్తుంది. నీళ్ళు తోడే పని వేలంపాటలో కాంట్రాక్టరుకు వస్తుందట, కరెంటు ఖర్చు ప్రభుత్వానిది. కోత మార్చి ప్రాంతాలకు.

దాదా షెడ్డు స్తంభానికి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. వెనక్కొచ్చి పడవ ముందరి కుర్చీల్లో కూర్చున్నాక చెప్పారు. 1975 డిసెంబరు 27న వాళ్ళ ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి పైనున్న పాత గని నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయారు. కాలాపత్థర్ సినిమా ఆ ప్రమాదం ఆధారంగా వచ్చిందే. దాదా అప్పటికి ఉద్యోగంలో చేరలేదు. తర్వాత చేరినప్పుడు మొదటిరోజు పాఠమే అది: తలమీద ఉన్న నీళ్ళను నమ్మొద్దు. "నాకు పంపు చప్పుడుంటేనే నిద్ర. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే అర్ధరాత్రి లేచి కూర్చుంటాను. అడగండి ఈవిణ్ణి." బౌది అవునన్నట్టు తలాడించారు.

"గట్టు తెగితే?" అని దాదా సరంగును అడిగారు. తెగుతూనే ఉంటాయన్నాడు సరంగు. ఎక్కడో ఒకచోట గండి పడని ఏడాది అరుదు. 2018 వరదలో కుట్టనాడు దాదాపు మొత్తం ఖాళీ చేశారు. సరంగు కుటుంబం చంగనాశ్శేరిలో ఒక బడిలో తలదాచుకుంది, అక్కడికి జనాన్ని మోసినవాటిలో హౌస్‌బోట్లూ ఉన్నాయి. ఇంకో గొడవ కూడా చెప్పాడు. ఉప్పునీళ్ళు పైకి ఎగదన్నకుండా తణ్ణీర్‌ముక్కం దగ్గర అడ్డుకట్ట వేశారు, వేసవిదాకా తలుపులు మూసేస్తారు. వరికి మంచిది. కానీ ఆటుపోటు ఆగిపోయి గుర్రపుడెక్క పెరుగుతుంది, మురికి కదలదు, చేపలు తగ్గాయని జాలర్ల మొర. రైతు తలుపు మూయమంటాడు, జాలరి తెరవమంటాడు. "మేం ఇద్దరి నీళ్ళలోనూ డీజిలు కలుపుతాం," అని తనే నవ్వాడు. ఈ మాట టూరిస్టు పుస్తకాల్లో ఉండదు. పడవ నడిపేవాడి నోట విన్నాను కాబట్టి నమ్మకంగా రాస్తున్నాను.

రాత్రి ఏసీ గదిలో కుర్రాడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మోటారు మాత్రం ఆగలేదు. దాదా గదిలోంచి గురక తెల్లవారేదాకా.

పొద్దున అప్పాలూ కడలకూరా బల్లమీదికి వచ్చేసరికి దాదా లేరు. షెడ్డు దగ్గర పంపు ఆపరేటరుతో చేతులతో మాట్లాడుతున్నారు. ఆపరేటరు యాభై అన్నట్టు అయిదు వేళ్ళు, సున్నా చూపించాడు, హార్స్‌పవర్ కాబోలు. దాదా స్టాండ్‌బై మోటారు ఎక్కడ అని అడగమని సరంగును పిలిచారు. సరంగు మలయాళంలో అడిగాడు. ఆపరేటరు తల అడ్డంగా ఊపి, కరెంటు పోతే వచ్చేదాకా ఆగడమే అన్నాడు. రేవుకి తిరిగొచ్చే దారంతా దాదాకు అదే బాధ. ఇంత నీళ్ళ కింద ఒక్క మోటారా, ఇలా ఎలా ఊరుకుంటారు, ఇక్కడ పెద్ద ఇంజనీరు ఎవరు, ఆయన అడ్రసు కావాలి, ఉత్తరం రాస్తానంటారు.

కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. బౌది నవ్వలేదు. "రాస్తారు బాబూ," అన్నారు. "రైలెక్కేలోపే రాస్తారు. కవరు నాచేత కొనిపిస్తారు."