ఉమ్మడి పొయ్యి

భద్రాచలమున గోదావరి 43 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. మొదటిదానికే బియ్యపు మూటలు మేడమీదికి చేర్చుట మాయింటి యలవాటు. 2022 జూలైలో నది 71.3 అడుగులకు పొంగినపుడు ఈ యలవాటే మమ్ము కాపాడినది. అట్టి మేమే యింటి కంప్యూటరు విషయమున హెచ్చరికలను పెడచెవిని బెట్టి పడిన పాట్లను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా కంప్యూటరు లినక్సుతో నడచునది. అత్తగారు పాడుచుండగా మేము టైపు చేసికొనిన పెండ్లిపాటలు, మంగళహారతులు అందులో గలవు. ఆమె యిపుడు లేరు. ఆ పాటలకు వేరొక ప్రతియు లేకుండెను.

పాటలను పుస్తకముగా కూర్చుటకై యొక క్రొత్త ప్రోగ్రామును తెచ్చుకొంటిమి. అది జీలిబ్‌సి 2.34 కావలెనని మొండికేసెను. మాయింట నున్నది 2.31. ఫైలు తెరచుట, జ్ఞాపకమున చోటడుగుట వంటి పనులను ప్రతి ప్రోగ్రామును తనంతట తాను చేసికొనదు. వాని నన్నిటిని ఈ యుమ్మడి లైబ్రరీయే చేసిపెట్టును. లైబ్రరీ యన్న నిచట పుస్తకశాల గాదు. ఇల్లంతటికి నొక్కటే యైన పొయ్యి వంటిది. పాత గిన్నెలు క్రొత్త పొయ్యిపై నమరును గాని, క్రొత్త పొయ్యికై చేసిన గిన్నె పాతదానిపై నిలువదు. 2021 ఆగస్టులో వెలువడిన 2.34లో, అంతకుముందు వేరుగా నుండిన కొన్ని భాగములు సయితము కలిసిపోయినవి.

ఒక్క గిన్నెకై పొయ్యిని మార్పబూనితిమి. ప్రోగ్రాము మొరాయించుటయే మొదటి హెచ్చరిక. తొలగిపోవు ముఖ్యభాగముల పట్టికను యంత్రము చూపెను, అది రెండవది. సమ్మతియైనచో ‘నేను చెప్పినట్లే చేయుము’ అను వాక్యమును ఆంగ్లమున పూర్తిగా వ్రాయుమనెను, అది మూడవది. వ్రాసితిమి! పని సగములో నుండగా గాలివానకు కరెంటు పోయెను. మరల వచ్చిన పిదప యంత్రము మేల్కొనలేదు. ఫైళ్ళ పేర్లు చూపు చిన్న యాజ్ఞకును ఆ లైబ్రరీయే కావలెను గదా! అత్తగారి గొంతును రెండవమారు పోగొట్టుకొంటిమని ఆ రాత్రి కంట నీరు పెట్టుకొంటిమి.

మరునాడు ఖమ్మమునుండి మా మేనల్లుడు బస్సులో వచ్చెను. పెన్‌డ్రైవులో తెచ్చిన మరియొక లినక్సుతో యంత్రమును లేపెను. చెడినది పొయ్యియే గాని కొట్టులోని ధాన్యము గాదు. పాటలన్నియు పదిలముగా నున్నవి. ముందు వానికి ప్రతి తీసి, పిమ్మట వ్యవస్థ నంతటిని క్రొత్తదానితో మొదటినుండి నెలకొల్పెను. అపుడా ప్రోగ్రాము మారు మాటాడక పనిచేసెను.

సోదరీమణులారా! పొయ్యిని మార్పవలసినచో వంటయిల్లంతయు నొక్కసారి మార్చుకొనుడు. అంతకు ముందే మూటలను మేడ యెక్కింపుడు. ఇపుడు మా పాటల ప్రతి యొకటి ఖమ్మమున మేనల్లుని యొద్ద నున్నది. కాగితముపై అచ్చయిన మరియొకటి అత్తగారి పెట్టెలో, ఆమె పట్టుచీరె మడతల నడుమ నున్నది.