బావికి చలి వేస్తుందా?

ఏప్రిల్, మే నెలల్లో వార్తాపత్రికలు చూడండి. ఎండ బాగా కాసిన ఊళ్ళ పేర్లలో రెంటచింతల పేరు తరచు కనిపిస్తుంది. ఇక్కడ వాతావరణ శాఖవారి కేంద్రం ఉన్నది. నడికుడి నుంచి మాచర్ల పోయే రైలులో గురజాల దాటితే వచ్చే ఊరు ఇదే. చుట్టూ నాపరాతి నేల. పొద్దు గూకాక కూడా ఆ రాయి సెగలు కక్కుతూనే ఉంటుంది.

అయితే మిమ్మల్ని నేను పిలిచేది వేసవిలో కాదు, పుష్యమాసంలో. తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని మా పెరటి బావి దగ్గిరికి రండి. (పెద్దవాళ్ళు తోడు లేకుండా ఏ బావి దగ్గిరికీ పోకండి!) లోపలినుంచి సన్నగా ఆవిరి లేస్తున్నది, చూశారా? చేద వేసి తోడి ముఖం కడుక్కోండి. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం ఇవే నీళ్ళు చల్లగా ఉంటాయి.

బావి చలికాలంలో వేడెక్కుతుందనీ, ఎండాకాలంలో చల్లబడుతుందనీ నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు చెప్పేవారు. నేను వాదించేవాణ్ణి కాదు. అప్పుడే తోడిన చేదలో ఉష్ణమాపకం ముంచి చూడమనేవాణ్ణి. జనవరిలోనూ, మేలోనూ అది 28 డిగ్రీల దరిదాపుల్లోనే నిలిచేది. మారేది బయటి గాలి. అది చలికాలపు వేకువను 17, 18 డిగ్రీలకు దిగుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలకు ఎక్కుతుంది. మట్టీ రాయీ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పోనిస్తాయి. ముప్ఫై అడుగుల లోతుకు ఎండ దెబ్బా చేరదు, చలి దెబ్బా చేరదు.

ఆ తరగతిలో కూర్చున్న పిల్లవాడొకడు ఇప్పుడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాడు. ఊరికి దూరంగా ఇల్లు, ఇంటికి సొంత బోరుబావి. ఒక జనవరిలో అక్కడ చలి సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగింది. పొద్దున లేచేసరికి కుళాయిలో చుక్క నీరు లేదు. ఇంట్లో నెలల పసిబిడ్డ.

"మాస్టారూ, మా బావి గడ్డకట్టిందండీ!" అని ఫోను చేశాడు.

"బావికేం కాలేదు నాయనా. గొట్టం నేల పైకి ఎక్కడ వస్తున్నదో చూడు" అన్నాను.

వెళ్ళి చూస్తే నీళ్ళ తొట్టి ఉన్న కొట్టు తలుపు రాత్రి ఓరగా ఉండిపోయింది. గోడవారగా ఉన్న గొట్టంలో నీరు మంచయింది. మంట పెట్టి కరిగిద్దామనుకున్నాడుట. పొరుగాయన పరుగున వచ్చి ఆపాడు. మంట తగిలితే కొట్టే అంటుకోవచ్చు. ముందు మోటారు ఆపి, కుళాయి విప్పి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కుళాయి వైపునుంచి మెల్లగా వెచ్చబెట్టమన్నాడు. అలా చేస్తే కరిగిన నీటికి బయటికి దారి ఉంటుంది. మూడు గంటలకు ధార వచ్చింది. గొట్టం పగలకపోవడం వాడి అదృష్టం. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు పదకొండో వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టమైనా నిలవదు.

ఆ రాష్ట్రంలో చలి నేలలోకి ఎంత దిగుతుందో చూసి, ఇళ్ళ పునాదులు దక్షిణాన కనీసం మూడున్నర అడుగులు, ఉత్తరాన అయిదడుగులు తవ్వాలని నియమం పెట్టారు. నీటి గొట్టాలు అంతకన్నా లోతుగా వేస్తారు. వేసవి రాగానే వాడు కొట్టు ఎత్తేసి, బావినుంచి ఇంటిదాకా గొట్టాన్ని ఏడడుగుల లోతున పూడ్పించాడు.

ఆ మాట విని నేనూ మా పెరట్లో పని పెట్టుకున్నాను. మా మోటారు నుంచి వంటింటికి వచ్చే గొట్టం గోడమీద ఎండలో పడి ఉండేది. మేలో కుళాయి తిప్పితే మొదటి చెంబెడు నీళ్ళకు చెయ్యి కాలేది. దాన్ని రెండడుగుల లోతున పూడ్చాను. ఏడడుగులు తవ్వడానికి వాడికి యంత్రం వచ్చింది. నా రెండడుగులకు నాపరాయి, గునపం, మూడు రోజులు!