నరసన్నపేట దారిలో పట్టుకున్న జ్వరం

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు పోతుంటే, నరసన్నపేట దగ్గర ఎడమచేతి పక్కకు ఒక రోడ్డు చీలుతుంది. అది పాతపట్నం, పర్లాకిమిడిల మీదుగా ఒడిశా కొండల్లోకి ఎక్కుతుంది. పొద్దున్నే భుజాన సంచీలతో ఆ దారి పట్టేవాళ్లలో మందుల కంపెనీల రిప్రజెంటేటివులుంటారు, ఎరువుల కంపెనీల వాళ్లుంటారు, ఫైనాన్సు వసూళ్ల కుర్రాళ్లుంటారు.

ఆ కొండల్లో మలేరియా పాతకాపు. దోమతెర లేని లాడ్జీలో రెండు రాత్రులు పడుకుంటే చాలు. చిక్కేమిటంటే, జ్వరం వెంటనే రాదు. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు కూడా పడుతుంది. అప్పటికి మనిషి ఇంట్లో ఉంటాడు. “మీ వీధి దోమే కుట్టిందేమో!” అనడం కంపెనీకి సులువు.

రోడ్డు ప్రమాదమైతే ఇంత పేచీ లేదు. డ్యూటీలో దెబ్బ తగిలితే యజమాని పరిహారమివ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 1976లో దాన్ని మెడికల్ రిప్రజెంటేటివులకూ వర్తింపజేశారు. ఆ చట్టాలు 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లలో కలిశాయి గాని, యజమాని పూచీ పోలేదు.

జ్వరం సంగతి వేరు. మొజాంబిక్‌లో టీ ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేస్తూ ఒక భారతీయుడు 2012లో మలేరియాతో చనిపోయాడు. ఆయనకున్నది ప్రమాద బీమా. మలేరియా అంత విరివిగా ఉన్న దేశంలో దోమకాటు అనుకోని ప్రమాదం కాదని 2019 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

కనుక “మా కంపెనీ ఇన్సూరెన్సు కట్టిందండీ” అని ధీమాగా ఉన్నవారు ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. ప్రమాదానికేనా, జబ్బుకీ వర్తిస్తుందా? దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు టూరు ఖర్చులో కలపమనండి, అడగడానికి మొహమాటమెందుకు? టూరు ప్రోగ్రాం నకలు, లాడ్జి రసీదు దాచండి. చొక్కా ఉతికేటప్పుడు జేబులోంచి తీసి పారేసే ఆ చిన్న కాగితమే, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో రేపు చెబుతుంది.

చలితో జ్వరం వస్తే, సంచీలో శాంపిల్ మాత్రలున్నాయి గదా అని మింగి కూర్చోకండి. ఒక రకం మలేరియా మెదడుకెక్కి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. ఏ ఊళ్లు తిరిగారో డాక్టరుకు చెప్పి, చీటీ మీద రాయించుకోండి. మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా, జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి.