సినిమా చూసి అన్నం మానినవారు

2018 డిసెంబరులో మా మేనల్లుడు ఆస్ట్రేలియా నుండి సెలవు మీద వచ్చాడు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. వెళ్ళేటప్పుడు బొద్దుగా ఉన్నవాడు పదకొండు కిలోలు తగ్గి వచ్చేసరికి, అక్కడ తిండికి కొదువైందేమోనని మా వదిన గుమ్మంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. వాడు నవ్వి, “కొదువ కాదమ్మా, నేనే అన్నం, రొట్టె, చక్కెర మానేశాను. వాటి బదులు గుడ్లు, మాంసం, వెన్న, ఆకుకూరలు తింటున్నాను” అన్నాడు. ఎందుకు, ఎట్లా అని అడిగినవారికందరికీ విడివిడిగా చెప్పలేక, తనను మార్చిన సినిమానే చూపిస్తానని ఒక సాయంత్రం తన కంప్యూటరును మా అన్నయ్య ఇంట్లో టీవీకి తగిలించాడు. ఇరుగుపొరుగువారు కూడా వచ్చి చాపల మీద కూర్చున్నారు.

సినిమా పేరు ‘ది మ్యాజిక్ పిల్’. మాయ మాత్ర అనుకోండి. 2017లో తీసిన డాక్యుమెంటరీ అది. ఆస్ట్రేలియా టీవీలో వంటల పోటీకి న్యాయనిర్ణేతగా పేరు తెచ్చుకున్న పీట్ ఎవాన్స్ అనే వంట నిపుణుడు దాని వెనుక ఉన్నాడు. సుమారు గంటన్నర నడుస్తుంది. ఇంగ్లీషు గనుక మావాడు మధ్యమధ్య ఆపి తెలుగులో చెబుతూ వచ్చాడు. చక్కెరను, పిండి పదార్థాలను బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినడం మొదలుపెట్టిన కొందరి సంగతులు అందులో ఉన్నాయి. ఆటిజం ఉన్న చిన్నపిల్ల, ఏళ్ళ తరబడి మందుల మీద బ్రతుకుతున్న పెద్దవాళ్ళు, పూర్వీకుల తిండికి తిరిగి వెళ్ళిన ఆస్ట్రేలియా ఆదివాసులు కనిపిస్తారు. కొన్ని వారాలు గడిచేసరికి వారి ముఖాల్లో వెలుగు వస్తుంది, మందుల సీసాలు తగ్గుతాయి.

నేను మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేసి అప్పటికి రిటైరయ్యాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం సినిమా కన్నా చూసేవారి ముఖాలనే ఎక్కువగా చూశాను. ఒక్క సినిమా గాని, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి వినిపించింది.

మా వదినకు వినిపించింది తన వంటింటి మీద ఫిర్యాదు. “ఇన్నాళ్ళూ నేను వండిపెట్టింది విషమా అమ్మాయ్?” అని నన్ను అడిగింది. పక్కింటి రిటైర్డు మాస్టారు గారికి తన మాటకు సాక్ష్యం దొరికింది. “మన తాతలు నెయ్యి పోసుకొని తిని నూరేళ్ళు బ్రతికారు, నేను చెప్పలా?” అన్నారు. మాస్టారు గారంటే నాకు గౌరవమే. అయితే మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు ఆయుష్షు ముప్పై రెండేళ్ళు. మా సంఘపు సమాధుల రిజిస్టరు తిరగేసినా నూరేళ్ళ తాతలు వేళ్ళ మీద లెక్కకు కూడా రారు. నాట్లకు వచ్చే ముత్తైదువ ఒకామె మాత్రం గట్టిగా నవ్వింది. “అన్నం లేకుండా వంగి నాట్లు ఎట్టా వేసేది నర్సమ్మగారూ? రోజూ మాంసమంటే మా కూలి మాంసం కొట్టుకే సరిపోయిద్ది” అన్నది. ఆ గదిలో ఖర్చు సంగతి ఎత్తింది ఆమె ఒక్కతే.

మా ఊరికి ఆ బోధ పూర్తిగా కొత్త కాదు. 2017, 2018 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి ఉపన్యాసాలు తెలుగునాట ఫోన్లలో, టీవీల్లో మారుమ్రోగుతూ ఉండేవి. అన్నం, పప్పు, పండ్లు మాని కొబ్బరినూనె, నిమ్మకాయలు, మాంసం, గుడ్లు తీసుకొనే పద్ధతి అది. ఆయన డాక్టరు కారు. డాక్టర్లు టీవీల్లో ఆయనతో వాదించారు. తలకు రాసుకొనే నూనె తాగడమేమిటని మా వదిన ఆశ్చర్యపోయేది. ఆ రోజుల్లో కిరాణా కొట్లో కొబ్బరినూనె ఎందుకు కొంటున్నారో అడిగి మరీ ఇచ్చేవారు.

సినిమా అయిపోగానే ఒక యువకుడు, “ఇంతమందికి బాగైందంటే అబద్ధమెలా అవుద్ది?” అన్నాడు. ఇది మనవంటి వారం కొంచెం నిలిచి ఆలోచించవలసిన ప్రశ్న. మన ఆరాధనల్లో సాక్ష్యాలు వింటూ పెరిగాము. లేచి నిలబడి తనకు జరిగిన మేలు చెప్పినవారి మాట మనకు ఇట్టే మనసులో నాటుకుంటుంది. ఆ సినిమా కూడా సాక్ష్యాల కూటమివలెనే నడుస్తుంది. వారు చెప్పినది అబద్ధమని నేను అనను. అయితే అదే తిండి తిని మార్పు రానివారు, మధ్యలో మానేసినవారు, ఇంకా జబ్బుపడినవారు లేచి నిలబడరు. వారిని కూడా లెక్కించాలంటే, రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఈ తిండి, ఇంకొక గుంపుకు మామూలు తిండి ఇచ్చి, ఏళ్ళ తరబడి చూడాలి. అది విసుగు పని. దాన్ని సినిమాగా తీస్తే ఎవరూ చూడరు.

ఆస్ట్రేలియా డాక్టర్ల సంఘం కూడా ఇటువంటి భయంతోనే, క్యాన్సర్‌కు, ఆటిజానికి తిండితోనే బాగవుతుందన్న ఆశ కల్పిస్తున్నదని 2018 జూన్‌లో ఈ సినిమాను నెట్‌ఫ్లిక్స్ నుండి తీసివేయమని అడిగింది. ఎవాన్స్ ఒప్పుకోలేదు. తరువాత 2020లో ఆయన ఒక దీపాల యంత్రం కరోనాకు పనికివస్తుందని చెప్పినందుకు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 25,200 డాలర్ల జరిమానా వేసింది.

అంతమాత్రాన సినిమాలో చెప్పినదంతా తీసిపారేయనక్కరలేదు. మన పళ్ళెం మీద అన్నం ఎక్కువైన మాట వాస్తవం. తెల్లగా పాలిషు పట్టిన బియ్యం వంద గ్రాముల్లో సుమారు డెబ్బై ఎనిమిది గ్రాములు పిండి పదార్థమే. ఐసీఎంఆర్ వారి పెద్ద సర్వేను బట్టి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో పది కోట్లకు పైగా మందికి షుగరు జబ్బు ఉన్నది. అదే సర్వేనుండి 2025లో వచ్చిన వివరాల ప్రకారం మనవారు తినే శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుండే వస్తున్నది. అన్నం మాని జొన్న రొట్టెకు మారినవారు కూడా ఒక సంగతి ఎరగాలి. జొన్నలో, సజ్జలో పీచు ఎక్కువే గాని పిండి పదార్థం బియ్యం కంటే ఏమంత తక్కువ కాదు. చిరుధాన్యమని రెండింతలు తింటే ప్రయోజనముండదు.

షుగరు వెనక్కి తగ్గడం కూడా కట్టుకథ కాదు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ అనే ప్రొఫెసర్లు, జబ్బు వచ్చి ఆరేళ్ళు మించని, ఇన్సులిన్ వాడని పెద్దవాళ్ళకు కొన్ని నెలలపాటు రోజుకు ఎనిమిది వందల చిల్లర కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చిందని 2017 డిసెంబరులో ప్రకటించారు. ఆ ద్రవాహారం కొవ్వు ఎక్కువగా ఉన్నది కాదు, అందులో పిండి పదార్థమే ఎక్కువ. అయినా పని చేసింది, ఎందుకంటే బరువు బాగా తగ్గింది. ఎవరికి ఎక్కువ బరువు తగ్గిందో వారికే ఎక్కువ మేలు. ఇదంతా డాక్టర్ల కనుసన్నల్లో జరిగింది.

అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి వెనకబడి నిలబడింది. ఆమె కొడుక్కి అప్పుడు పన్నెండేళ్ళు. తొమ్మిదో ఏట నుండి ఇన్సులిన్ సూదుల మీద ఉన్నాడు. గుమ్మం దగ్గర నెమ్మదిగా అడిగింది: “అక్కా, అన్నం మానిపిస్తే మావాడికి సూదులు మానవచ్చునా?”

ఆ ప్రశ్న నిమిత్తమే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. సినిమాలో షుగరు షుగరు అన్నారు గాని, షుగరు రెండు రకాలని ఆ గదిలో సగం మందికి తెలియదు. పెద్దతనంలో వచ్చేదానిలో ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, సరిగా పనిచేయదు. ఆ పిల్లవాడి ఒంట్లో అది దాదాపు తయారే కాదు. పట్టెడన్నం తినకపోయినా ఇన్సులిన్ కావాలి, ఎందుకంటే కాలేయం తనంతట తానే చక్కెర చేస్తూనే ఉంటుంది. సూది మానేస్తే ఒంట్లో కొవ్వు అదుపు తప్పి కరిగి, కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో నిండిపోతాయి. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట పండు మగ్గిన వాసన వస్తాయి. రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి పిల్లలను వార్డులో నా చేతుల మీదుగా చూశాను, అందరినీ తిరిగి ఇంటికి పంపలేకపోయాము.

ఆమెను కూర్చోబెట్టి ఒక చరిత్ర చెప్పాను. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి, రొట్టె, చక్కెర, బంగాళాదుంప మాని తాను బరువు తగ్గిన సంగతి చిన్న పుస్తకంగా వేశాడు. ఇప్పటి ఈ తిండి పద్ధతులకు ముత్తాత అటువంటివాడే. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు వైల్డర్, మూర్ఛలు వచ్చే పిల్లలకు కొవ్వు ఎక్కువగా ఉండే ఆహారం సూచించాడు. మందులకు లొంగని మూర్ఛలున్న పిల్లలకు డాక్టర్లు దాన్ని ఈనాటికీ వాడుతున్నారు, లెక్క కట్టి, పరీక్షలు చేస్తూ. షుగరు ఉన్న పిల్లలకు కూడా ఆ రోజుల్లో తిండి కోతే వైద్యం. పిండి పదార్థం దాదాపు లేకుండా, కడుపు మాడ్చి ఉంచేవారు. దానివల్ల ఏడాదో రెండేళ్ళో ఎక్కువ బ్రతికేవారు, ఎముకల గూడులై. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు అరవై అయిదు పౌనులు, అనగా ముప్పై కిలోలు కూడా లేడు. మొదటి సూది సరిగా పనిచేయలేదు. పన్నెండు రోజుల తరువాత శుద్ధిచేసిన మందు ఇచ్చారు, షుగరు దిగింది. ఆ తరువాత పదమూడేళ్ళు బ్రతికాడు. ఆ మందును కనుగొన్నవారిలో ముఖ్యుని ఇంటిపేరు కూడా బాంటింగే, ఫ్రెడరిక్ బాంటింగ్. “తిండి కోసి చూసిన తరువాతనే, అది చాలకనే ఈ సూది వచ్చిందమ్మా” అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నం తగ్గించవచ్చు గదా?” అన్నది. తగ్గించవచ్చు, అయితే పెరిగే పిల్లవాడు గనుక డాక్టరును అడిగి, సూది మోతాదు కూడా దానికి తగినట్టు మార్చుకొని అని చెప్పాను.

మా అన్నయ్య సంగతి వేరు. ఆయనకు పన్నెండేళ్ళుగా పెద్దవాళ్ళకు వచ్చే షుగరు. సినిమా చూసిన మరునాడే అన్నం, టిఫిను మానేశాడు. ఉదయం వేసుకొనే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మానలేదు, ఎందుకంటే ఆయన మాట తప్పని మనిషి, మాత్ర మానవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు! ఆ మాత్ర తిండి వచ్చినా రాకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటుంది. అయిదో రోజున పొలంలో మోటారు దగ్గర చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పాలేరు ఇంటికి తీసుకొచ్చాడు. మా వదిన ఫోను చేస్తే, మింగగలిగి ఉంటే చక్కెర నీళ్ళు తాగించమని చెప్పి, ఆటోలో వెళ్ళాను. నేను వెళ్ళేసరికి కొంచెం తేరుకున్నాడు, అయినా గ్లూకోమీటరులో 58 ఉన్నది. ఆ తప్పు సినిమాదని నేను అనను. మాత్ర వేసుకుంటూ పస్తుండమని అందులో ఎవరూ చెప్పలేదు. తెలుగులోకి చెప్పిన మావాడు కూడా చెప్పలేదు, వాడికి షుగరు లేదు గనుక వాడికి తోచలేదు.

మరునాడు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే ఆయన కోప్పడలేదు. అన్నం తగ్గిస్తానంటే సంతోషమే, ముందు నాతో చెప్పండి, మాత్ర నేను తగ్గిస్తాను అని, మోతాదు సగం చేశాడు. ఇటీవల చాలామంది వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రల విషయంలో ఇంకొక ప్రమాదమున్నది. అవి వేసుకుంటూ పిండి పదార్థం పూర్తిగా మానితే, షుగరు మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరగవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు కూడా ఫోను చూసి ఇటువంటి పనులకు దిగకూడదు.

మా వదిన కోపం తగ్గడానికి మాత్రం కొన్నాళ్ళు పట్టింది. చివరికి ఆమె తనకు తోచిన ఏర్పాటు చేసింది. పెద్ద పళ్ళెం తీసి చిన్న పళ్ళెం పెట్టింది. అందులో సగం కూర, ఒక గుడ్డో చేపో గట్టి పప్పో, ఒక్క గరిటెడు అన్నం. నూనె మాత్రం పెంచలేదు. ఏడాదిలో అన్నయ్య ఆరు కిలోలు తగ్గాడు, మూడు నెలల సగటు చూపే పరీక్ష 9.1 నుండి 7.2కు వచ్చింది. మేనల్లుడికి ఇది సగం సగం పద్ధతిగా తోచింది. వాడు ఆ తరువాత పెళ్ళి చేసుకొని, కోడలి చేతి పులిహోరకు లొంగి, తగ్గిన పదకొండులో నాలుగు కిలోలు తిరిగి తెచ్చుకున్నాడు.

ఆ పిల్లవాడు ఐటీఐ పూర్తిచేసి ఇప్పుడు పనిలో ఉన్నాడు. రోజుకు నాలుగు సూదులు తానే వేసుకుంటాడు. అన్నం కొలిచి తింటాడు. కొలవడానికి వాళ్ళమ్మ ఒక స్టీలు గిన్నె కొని, ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకుండా అంచు మీద వాడి పేరు కొట్టించింది.