అమ్మవారు కాని పొక్కులు

పసిబిడ్డ ఒంటిమీద పొక్కులు లేచినప్పుడు తెలుగునాట తల్లి అమ్మవారు పోసినదంటుంది. వంగదేశంలో తల్లి దానినే ‘మాయేర్ దయా’, అమ్మ దయ అంటుంది. వేపమండలు తెచ్చి, మ్రొక్కులు మ్రొక్కి, అమ్మ చల్లబడేవరకు ఇద్దరూ ఓర్పుతో కనిపెట్టుకొని ఉంటారు. కాని అమ్మవారితో ఏ సంబంధమూ లేని పొక్కులు కొన్ని ఉన్నవి. అవి మందు వికటించగా లేచేవి. వాటి విషయంలో ఆ ఓర్పే ప్రాణాంతకం.

1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఇద్దరు బాలురకు వచ్చిన ఒక వింత వ్యాధిని వర్ణించారు. తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా మచ్చలు, నోటినిండా పుండ్లు, కన్నుల్లో చీము దాని లక్షణాలు. చర్మం కాలినట్లు పొరలుగా ఊడిపోయే అవస్థను 1956లో అలన్ లయల్ అనే చర్మవైద్యుడు వర్ణించాడు. ఈ రెండూ ఒకే వ్యాధికి రెండు మెట్లని నేటి వైద్యుల అభిప్రాయం. ఊడిన చర్మం శరీరంలో 10 శాతానికి లోపైతే మొదటిది. 30 శాతం దాటితే రెండవది. సూక్ష్మజీవుల వల్ల కూడ రావచ్చును గాని, తరచుగా కారణం మందులే: సల్ఫా మందులు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ వంటివి. దేహాన్ని కాపాడవలసిన కణాలే పొరబడి సొంత చర్మం మీద తిరుగబడతాయి.

మన దేశంలో ఈ వ్యాధి న్యాయస్థానాల దాక వెళ్లి పేరుకెక్కినది కలకత్తా మూలంగా. అనూరాధా సాహా పిల్లల మనస్తత్వశాస్త్రం చదివిన విదుషి. అమెరికాలో స్థిరపడి, 1998లో సెలవులకు ఆ నగరం వచ్చినది. జ్వరం, దద్దుర్లు కనిపించినవి. స్టెరాయిడు సూదిమందు వాడారు, జబ్బు ముదిరినది. బొంబాయికి తరలించినా మే 28న కన్నుమూసినది. వైద్యుడైన ఆమె భర్త పదిహేనేండ్లు న్యాయస్థానాల మెట్లెక్కాడు. చికిత్సలో నిర్లక్ష్యం జరిగినదని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. నేరాభియోగాన్ని మాత్రం నిలువనీయలేదు. 2013లో దాదాపు ఆరుకోట్ల రూపాయల పరిహారాన్ని, దానిపై వడ్డీని ఇప్పించినది.

అనూరాధ తన బాధను నోటితో చెప్పుకొనగలిగిన మనిషి. పసివానికి ఆ మాట లేదు. పాలు ముట్టడు, కన్ను తెరువడు, ఎత్తుకొనబోతే కెవ్వుమంటాడు. ఇంటివారు దానిని పేచీ అనుకొంటారు. కొత్త మందు మొదలుపెట్టిన కొద్దివారాలలో జ్వరంతోపాటు మచ్చలు లేచి, నోరో కన్నో పుండైతే, అది పేచీ కాదు. తెల్లవారనిద్దామనుకొనక, వాడుతున్న మందుసీసాలన్నీ వెంటబెట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తవలె. కారణమైన మందును ఆపించడమే మొదటి చికిత్స. ఆపైన కాలిన గాయాలకు చేసినట్లే ఉపచారం చేయాలి. కన్నులను కనిపెట్టి ఉండాలి. ప్రాణం దక్కినా చూపు పోయే భయం ఉన్నది.

బిడ్డ కోలుకొన్న తరువాత ఒక పని మిగులుతుంది. వికటించిన మందు పేరు చీటీమీద వ్రాయించుకొని, ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ముందుగా దానిని చూపవలె. మన ఇండ్లలో జాతకచక్రాన్ని భద్రంగా దాచుకొంటారు. ఆ చీటీని కూడ దాని పక్కనే ఉంచవచ్చును.