బిల్లింగ్ కొండ మీద గాలి

తిరుచానూరు
2024 నవంబరు 8, శుక్రవారం

మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. "అత్తా, రేపటితో వరల్డ్ కప్ అయిపోతుంది. రద్దీ తగ్గుతుంది, గాలి కూడా మెత్తబడుతుంది. టికెట్ నేనే తీస్తా, నువ్వు వచ్చేసెయ్" అన్నాడు. హిమాచల్‌లోని బీర్‌లో ఈ నెల 2 నుంచి పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరుగుతోంది. ఆ పోటీ మన దేశానికి మొదటిసారి వచ్చింది 2015 అక్టోబరులో. అప్పుడూ ఆ ఊళ్లోనే జరిగింది. వీడు పోటీలకు పోయేవాడు కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే చాలు గ్లైడర్ భుజాన వేసుకుని కొండెక్కుతాడు.

వదిన ఒప్పుకోవడం లేదు. "వాడంటే కుర్రోడు, నీకెందుకమ్మా ఈ పని?" అంటుంది. ఆమె భయాన్ని కొట్టిపారేయలేను. పోయిన నెలాఖరులో, పోటీ ఇంకా మొదలుకాకముందే, అక్కడ గాల్లో రెండు గ్లైడర్లు ఢీకొని బెల్జియం పైలట్ ఒకాయన చనిపోయాడు. ఈ ఫిబ్రవరిలో కులూ దగ్గర తెలంగాణ నుంచి వెళ్లిన ఒక పర్యాటకురాలు, పైలట్‌తో కలిసి ఇద్దరు ఎగిరే టాండెమ్ గ్లైడర్ నుంచి పడి ప్రాణం పోగొట్టుకుంది. బెల్టులు సరిచూడకపోవడం వల్లే జరిగిందని అధికారులు చెప్పారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అంత ఎత్తు నుంచి, ఒక్క బకిల్ వల్ల.

అయినా పోవాలనే ఉంది. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్లూ గాలిని బోర్డు మీద బాణం గుర్తులుగానే గీశాను. పిల్లల్ని గాదంకి తీసుకుపోయినప్పుడు అక్కడి రాడార్ చూసి నేనే నోరు తెరిచాను. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలలో 1,024 యాంటెన్నాలు. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పైకి పంపి, తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని బట్టి మన నెత్తిమీద గాలి ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో లెక్క తీస్తారు. అడ్డంగా వీచే గాలినే కాదు, నిలువుగా లేచే గాలిని కూడా పట్టుకుంటుంది. "నిలువు గాలి ఎట్లుంటాది మేడం?" అని ఒక పిల్ల అడిగింది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుందమ్మా అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. ఆ పిల్ల అడిగింది అది కాదు.

పోతాను.

బీర్
నవంబరు 13, బుధవారం

సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ దాకా, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో ఇక్కడికి. తెల్లారి కిటికీ తెర తీస్తే ధౌలాధార్ కొండలు అడ్డంగా గోడ కట్టినట్టున్నాయి. పైన మంచు, కింద దేవదారు, ఇంకా కింద తేయాకు తోటలు, టిబెట్ వాళ్ల కాలనీ. స్వెటర్ మీద శాలువా కప్పుకున్నా వణుకు ఆగలేదు.

సాయంత్రం దిగే మైదానానికి పోయి కూర్చున్నాం. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాలుతున్నారు. కొందరు పరుగెత్తి నిలబడతారు, కొందరు చతికిలబడతారు. దిగినవాళ్ల ముఖాలే చూస్తూ కూర్చున్నాను.

నవంబరు 14, గురువారం

ఈరోజు ఎగరలేదు. ఎందుకు ఎగరలేదో వివరంగా రాసుకోవాలి.

బీర్ నుంచి బిల్లింగ్‌కు 14 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. జీపు టాప్ మీద గ్లైడర్ మూటలు. టేకాఫ్ చోటు దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద మైదానం అక్కణ్ణుంచి దాదాపు వెయ్యి మీటర్ల లోతులో. కొండ దక్షిణానికి తిరిగి ఉంది కాబట్టి పొద్దెక్కేకొద్దీ ఎండ నేరుగా వాలు మీద పడుతుంది. వాలు వేడెక్కి, దాన్ని అంటుకున్న గాలి పైకి పాకడం మొదలుపెడుతుంది. ఆ గాలికి ఎదురుగా పరుగెత్తి రెక్కను లేపాలి. ఎదురుగాలి గంటకు 10 నుంచి 20 కిలోమీటర్లుంటే హాయి అంటాడు మావాడు.

పదిన్నరకు, గాలి దిక్కు చూపడానికి కట్టిన గాలి సంచి లోయ వైపు నుంచి నిండింది. నలుగురైదుగురు ఎగిరారు. అంతలో పైన పలచటి మబ్బు పరుచుకుంది, ఎండ తగ్గింది. కాసేపటికి సంచి వేలాడిపోయింది. తర్వాత లోయ వైపు తిరిగింది. గాలి మా వీపు మీద తగులుతోంది, శిఖరం మీదుగా ఉత్తరం నుంచి దిగుతోంది.

నాకు పైలట్‌గా కుదిరినాయన ఈ ఊరివాడే, నలభై దాటి ఉంటాయి. ఎండుగడ్డి నాలుగు పరకలు తుంచి భుజం ఎత్తు నుంచి వదిలాడు. అవి లోయలోకి కొట్టుకుపోయాయి. కొంచెం పక్కకు నడిచి మళ్లీ వదిలాడు. అప్పుడూ అంతే. మాటా పలుకూ లేకుండా, పరిచి ఉన్న రెక్క తాళ్లు పోగుచేసి మడవడానికి కూర్చున్నాడు.

వెనక గాలి ఎందుకు చెడ్డదో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. వానాకాలం స్వర్ణముఖిలో బండకు ఎగువన నీళ్లు సాఫీగా ఎక్కుతాయి, బండ దాటాక దిగువన సుడి తిరిగి తమలో తామే పొర్లుతాయి. కొండ వెనక నుంచి వచ్చిన గాలీ అదే పని చేస్తుంది. ఆ పొర్లే గాలిలోకి రెక్క పోతే నిలబడదు, ఎందుకంటే దానికి ఎముక లేదు. ముందంచున ఉన్న గదుల్లోకి గాలి దూరి బిగిస్తేనే అది రెక్క. గాలి వదిలిందంటే ఉత్త గుడ్డ.

విజయవాడ నుంచి వచ్చిన కొత్త దంపతులు మా పక్కనే ఎదురుచూస్తున్నారు. రాత్రికే వాళ్ల బస్సు. తెలుగు వినబడేసరికి ఆ అమ్మాయి ప్రాణం లేచొచ్చినట్టు, "ఆంటీ, మీరైనా చెప్పండి. ఐదు నిమిషాలు చాలు, డబ్బులు ఎక్కువైనా ఇస్తాం" అంది. ఆ మాట మా పైలట్‌కు హిందీలో చెప్పాను. ఆ పైలట్ ఆమె వైపే చూసి, "బేటీ, ఆజ్ నహీ" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ అబ్బాయికి కోపం వచ్చింది. "ఇంతదూరం వచ్చాం కదండీ" అని నాతో అన్నాడు. "దూరం నుంచి వచ్చాం బాబూ, కానీ ఆయన చెప్పేదే మనం వినాలి" అన్నాను. ఇంకేం చెప్పినా ఆ పూట ఎక్కేది కాదు.

టాండెమ్ పైలట్‌కు ఎగిరిన లెక్కనే డబ్బు. ఎగరకపోతే ఆ పూటకు రాబడి లేదు. ఉదయం నుంచి అక్కడున్న చాలామందికి ఈరోజు చెయ్యి ఖాళీ. అయినా ఒకరిని చూసి ఒకరు మూటలు కట్టారు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఆ మూట కట్టడం. ఎగిరినవాళ్ల ఫొటోలు అందరూ చూస్తారు. ఎగరనివ్వని మనిషిని ఫొటో తీసేవాళ్లు లేరు.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర మేనల్లుడు, వాడి స్నేహితులు పాత సంగతులు తీశారు. 1980లలో ఇక్కడికి మొదట వచ్చినవి హ్యాంగ్ గ్లైడర్లట. అల్యూమినియం గొట్టాల చట్రం, దాని మీద బిగించిన తెర, కింద బోర్లా వేలాడే మనిషి. వేగం ఎక్కువ, దూరం ఎక్కువ పోతాయి, కానీ అంత పొడుగు చట్రాన్ని కొండ మీదికి చేర్చడానికి బండీ కావాలి, మనుషులూ కావాలి. పారాగ్లైడర్ మొత్తం సామాను ఇరవై కిలోల లోపు, వీపున వేసుకుని నడవొచ్చు. 1978లో ఫ్రాన్స్‌లోని మియూసీ అనే కొండ ఊళ్లో కొందరు పారాచూట్ దూకేవాళ్లు విమానం ఖర్చు తప్పుతుందని వాలు మీంచి పరుగెత్తి లేచారు. ఈ ఆట అక్కడ పుట్టింది. హ్యాంగ్ గ్లైడర్ కథ నేను చెప్పాను. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో చట్రం లేని మెత్తటి రెక్క కోసం తంటాలు పడుతుంటే, ఆయన భార్య గెర్‌ట్రూడ్ వంటింటి పూల కర్టెన్ కత్తిరించి కుట్టి ఇచ్చింది. 1948లో ఎగిరిన ఆ గాలిపటం నుంచే తర్వాతి హ్యాంగ్ గ్లైడర్లు చాలావరకు వచ్చాయి. కుర్రాళ్లకు రొగాలో పేరు తెలుసు, గెర్‌ట్రూడ్ పేరు తెలియదు. తెలియాలని గట్టిగానే చెప్పాను.

నవంబరు 15, శుక్రవారం. కార్తీక పౌర్ణమి

ఎగిరాను.

మబ్బు లేదు. పదకొండు దాటాక గాలి సంచి నిండుగా, నిలకడగా మా ముఖాల వైపు తిరిగింది. పైలట్ మళ్లీ గడ్డిపరకలు వదిలాడు, ఈసారి అవి మా మీదికే వచ్చాయి.

హార్నెస్ తొడిగి, రెండు కాళ్ల బెల్టులు బిగించి, ఛాతీ బెల్టు వేశాడు. ఒక్కో బకిల్ 'టక్' అనేదాకా నొక్కి, మళ్లీ వెనక్కి లాగి చూశాడు. ఆయన హార్నెస్, నా హార్నెస్, రెక్క కలిసేచోట ఉన్న కారబినర్ల గేట్లు మూసుకున్నాయో లేదో వేలితో తడిమాడు. రిజర్వ్ పారాచూట్ పిన్ను చూశాడు. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లు పెట్టి చూశాడు. అయిపోయిందనుకున్నా. మళ్లీ కాళ్ల బెల్టుల దగ్గరికొచ్చి మొదటి నుంచీ అంతా చూశాడు. ఫిబ్రవరి వార్త నా మనసులో ఉంది. ఆయన మనసులోనూ ఉండే ఉంటుంది. ఈయన చేతులనే నమ్మి కూర్చున్నాను.

"దౌడో!" అన్నాడు. నేను ముందు, ఆయన వెనక. నాలుగడుగులకు వెనక్కి లాగినట్టయింది, రెక్క తల మీదికి వస్తున్న బరువు అది. "దౌడో, దౌడో!" ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాను, కాళ్ల కింద నేల మాత్రం లేదు.

మొదట దేవదారు చెట్ల కొనల మీదుగా అంచు వెంబడే పోయాం. అక్కడ గాలి మెత్తగా, ఒకే తీరుగా మోసింది. కొండను తాకి పైకి తిరిగిన గాలి కాబట్టి అంచు వదలనంతసేపూ ఎత్తు తగ్గలేదు. తర్వాత ఆయన ఒక రాతి చరియ వైపు తిప్పాడు. చెట్టు లేని ఎర్రటి చోటు, ఎండలో బాగా కాగి ఉంది. ఆయన భుజం దగ్గరున్న వేరియో, అంటే పైకి లేస్తుంటే కూసే పరికరం, అప్పటిదాకా మూగగా ఉంది. ఎడమ రెక్క ఒక్కసారి పైకి తన్నింది. వేరియో కూయడం మొదలుపెట్టింది. కూత కూతకూ మధ్య ఎడం తగ్గుతోంది. ఆయన బరువంతా ఎడమకు వేసి బ్రేకు లాగి చుట్టు తిప్పాడు.

నిలువు గాలి ఎట్లుంటాదో ఇప్పుడు ఆ పిల్లకు చెప్పగలను. అది మెత్తగా ఎత్తుకోదు. కింద నుంచి కుర్చీని గుద్దుతుంది. దానికి అంచు ఉంటుంది, అంచు దాటితే కడుపులో జారినట్టవుతుంది, మళ్లీ లోపలికి తిరిగితే మళ్లీ గుద్దుతుంది. నడిమధ్యన మాత్రం బలంగా, నిలకడగా ఉంటుంది. అది కంటికి కనబడదు, కానీ పక్కనే రెండు పెద్ద రాబందులు అదే చుట్టులో తిరుగుతున్నాయి. మాకన్నా లోపలగా, చిన్న చుట్టులో. ఆయన వాటిని చూసి తన చుట్టు సరిచేసుకున్నాడు. ఒకటి మా కాళ్ల దిగువ నుంచి మా ఎత్తుకొచ్చి, తల తిప్పి మమ్మల్ని చూసి, పైకి పోయింది. రెక్క ఒక్కసారైనా ఆడించలేదు.

చలి పెరిగింది. పొడిగాలి వంద మీటర్లు పైకి లేస్తే దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుందని నేనే ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. ఈరోజు వేళ్లకు తెలిసింది. కింద బిల్లింగ్ పచ్చిక అరచేతిలో పట్టేంతగా ఉంది. భయం లేదని రాయను. ఉంది, ఉంటూనే ఆనందం కూడా ఉంది, ఒకదాన్ని ఒకటి తరిమేయలేదు.

దిగేటప్పుడు మైదానం చుట్టూ తిరిగి, అక్కడి గాలి సంచి చూసి, ఎదురుగాలికి తిప్పి దింపాడు. కాళ్లు ముందుకు చాపమన్నాడు. కూర్చున్నట్టే నేల మీదికి వచ్చాం. ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన కూడా పెట్టి, రెక్క పోగుచేసుకుంటూ పోయాడు.

రాత్రి గది ముందు దీపం పెట్టాను. మేనల్లుడు తన ఎగరడం గురించి చెబుతూనే ఉన్నాడు, వింటూనే నిద్రపోయాను.

తిరుచానూరు
నవంబరు 28, గురువారం

అమ్మవారి బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం అయింది. గజపటం ఎక్కింది. మాడవీధిలో తోరణాలు ఎటు ఊగుతున్నాయో చూడటం నాకు ఇప్పుడు అలవాటైపోయింది. ఈశాన్యం గాలి.

అంటే మనవైపున్న తిరుమల కొండ ముఖం ఇప్పుడు గాలి మరుగున ఉంది. గద్దలు అటు పోవడం లేదు. జూన్, జూలైలో నైరుతి గాలి ఆ ఎర్రటి చరియలను నేరుగా తాకినప్పుడు అంచు వెంబడి బారులు తీరతాయి. ఇన్నేళ్లూ చూశాను గానీ అవి ఎప్పుడు వస్తాయో, ఎందుకు వస్తాయో జతకట్టి చూడలేదు. ఆ కొండ మీద మనుషులు ఎగరరు, ఎగరకూడదు కూడా. స్వామివారి ఆలయం మీదుగా ఏదీ ఎగరకూడదన్నది ఆగమ సంప్రదాయం. అక్కడ నో ఫ్లై జోన్ పెట్టమని టీటీడీ కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరింది. పైగా అది నేషనల్ పార్కు, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్. ఆ అంచు గద్దలదే, అట్లానే ఉండనీ.

డిసెంబరు 1, ఆదివారం

ఫెంగల్ తుపాను నిన్న రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. వాన తెరిపి ఇవ్వడం లేదు. అమ్మవారి సేవలకు వచ్చినవాళ్లు తడుస్తూనే నిలబడ్డారు.

మేనల్లుడు ఫోన్‌లో హార్సిలీ హిల్స్ సంగతి ఎత్తాడు. "అక్కడ ఎగరొచ్చు కదా అత్తా" అని. 1,265 మీటర్ల కొండ, కింద మైదానం తెరిపిగా ఉంటుంది, గాలిబండ దగ్గర నిలబడితే మనిషిని తోసేంత గాలి. వాడికి ఆశ పుట్టడంలో తప్పులేదు. కానీ గాలి ఉంటే చాలదని వాడికే తెలుసు. హిమాచల్‌లో 2004లోనే ఏరో స్పోర్ట్స్ రూల్స్ పెట్టారు. పైలట్లూ, నడిపేవాళ్లూ రిజిస్టర్ కావాలి, సామాను తనిఖీ చేయించాలి, వానాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం బంద్. అన్ని నియమాలున్న చోట కూడా ప్రాణాలు పోతున్నాయి. ఇక్కడ ఎవరైనా టికెట్ల కౌంటరు ముందు పెట్టి తర్వాత మిగతావి చూద్దామనుకుంటే నేను ఊరుకోను, ఎవరికి రాయాలో వాళ్లకు రాస్తాను. టేకాఫ్ దగ్గర "ఈరోజు వద్దు" అనగలిగే మనిషి కావాలి. ఆ మాట అన్నందుకు అతని రోజు కూలి పోకూడదు. ఎగరని రోజుకు కూడా జీతం ఇచ్చే ఏర్పాటు ముందు కావాలి.

వాడు సంక్రాంతికి వస్తానన్నాడు. గ్లైడర్ బెంగళూరులోనే వదిలి, చేత్తో పట్టుకునే గాలి మీటరు తెమ్మన్నాను. మదనపల్లెలో నా పాత స్టూడెంట్ ఒకతను బళ్లో సైన్సు చెబుతున్నాడు. పొద్దున పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగింటికి గాలిబండ దగ్గర వేగం, దిక్కు రాసిపెట్టే పిల్లలు దొరుకుతారేమో అతన్ని అడగాలి. వారానికి రెండు రోజులైనా సరే. నైరుతి, ఈశాన్యం రెండు కాలాలూ అందులో రావాలంటే ఏడాది పడుతుంది. రేపు వాన తగ్గితే రూళ్ల నోట్‌బుక్కులు తెచ్చి గళ్లు గీయాలి.