ఆటుపోట్ల అడవి కోరంగి

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే తాళ్లరేవు మండలంలో కోరంగి వస్తుంది. దారి పొడవునా వరిచేలు, కొబ్బరిచెట్లు, రొయ్యల చెరువులు. ఊరు దాటి సముద్రం వైపు తిరిగితే మడ అడవి మొదలవుతుంది. గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు ఉప్పునీటితో కలిసే బురదనేలల్లో పెరిగిన అడవి ఇది. 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. తెలుగు నేల మీద ఇంత విస్తారమైన మడ అడవి మరొకటి లేదు.

ఈ అడవికి వెళ్లేముందు తెలుసుకోవలసింది నీళ్ల వేళలు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీద లోపలికి వస్తుంది, రెండుసార్లు పాటు మీద వెనక్కి తీస్తుంది. చెట్లు, చేపలు, పీతలు, వేటకు వెళ్లే పడవలు అన్నీ ఆ లెక్క ప్రకారమే నడుస్తాయి. అటవీశాఖ చెట్ల మధ్యగా వేసిన చెక్కవంతెన మీద పోటు వేళ నడిస్తే కింద నీళ్లే కనిపిస్తాయి. నీరు తీసిన వేళ అదే వంతెన మీద నడిస్తే అడవి గుట్టంతా బయటపడుతుంది.

అప్పుడు వంగి కిందికి చూడండి. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి జానెడేసి వేళ్లు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఈ బురదలో గాలి ఆడదు. అందుకే ఆ వేళ్లు తల పైకెత్తి, ఒంటి మీది సన్నని రంధ్రాలతో గాలి పీల్చుకుంటాయి. మడ ఆకును నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్ల నుంచి ఎక్కిన ఉప్పును చెట్టు ఆకుల మీదుగా బయటికి పంపిస్తుంది. పక్కనే ఉప్పుపొన్న. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఆకుపచ్చగా మునక్కాయలా వేలాడుతుంది. రాలిన మొలక బురదలో నాటుకుంటే అక్కడే చెట్టవుతుంది. లేదా నీటి మీద తేలిపోయి నేల దొరికిన చోట వేరూనుకుంటుంది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోవద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

నీరు తీసిన బురద మీద జీవాలకు లోటు లేదు. ఒక డెక్క ఒంటికి మించి పెరిగిన చిన్న పీతలు దాన్ని పైకెత్తి ఊపుతూ కన్నాల దగ్గర కాపు కాస్తాయి. ముందు రెక్కల మీద ఆనుకుని గెంతే చేపలు నీళ్లు లేకపోయినా హాయిగా తిరుగుతాయి. కొమ్మల మీద లకుముకి పిట్టలు, పైన గరుడపక్షులు. ఈ అడవికి పేరు తెచ్చిన బావురుపిల్లి మాత్రం పగలు కనబడడం అరుదు. వేళ్ల మధ్య సన్నని పొర ఉన్న పాదాలతో నీళ్లలోకి దిగి చేపల్ని పట్టే పిల్లి ఇది. పాయల్లో నీటికుక్కలూ ఉన్నాయి. అడవికి ఆవల సముద్రంలోకి సాగిన హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మనుషుల చరిత్రా చిన్నది కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకు ఎంతమంది వెళ్లారంటే అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి ఉప్పెన ఈ రేవును ముంచేసింది. రెండో దెబ్బ తర్వాత కోరంగి మళ్లీ పూర్వపు రేవు కాలేదు. యాత్రికుల దారి మాత్రం నిలిచింది. చొల్లంగి అమావాస్య నాడు సంగమస్నానంతో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలు సాగరంలో కలిసే చోట్లన్నిటా మునిగి, అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర ఈ తీరం వెంటే సాగుతుంది.

ఉప్పెనను ఆపే శక్తి ఏ అడవికీ పూర్తిగా లేదు. కానీ దట్టమైన మడ వేళ్లు, కాండాలు అల జోరును తగ్గిస్తాయి, ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానును చూసిన ప్రాంతానికి ఆ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. రొయ్యపిల్లలు, చేపపిల్లలు, మండపీతలు పెరిగేది ఈ వేళ్ల నీడలోనే. మడ పోతే వేటకు వెళ్లినవాడి వల తేలికవుతుంది.

వంటచెరకు కోసం, కంచెల కోసం మడను నరికిన రోజులున్నాయి. గట్లు వేసి రొయ్యల చెరువులు తవ్విన చోట నష్టం ఇంకా ఎక్కువ. పోటునీరు రాకపోతే నేలలో ఉప్పు పేరుకుపోయి చెట్టు చస్తుంది. దీనికి మందు కూడా నీళ్లలోనే దొరికింది. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి, పాడైన నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని లోపలికి రప్పించారు. నీరు వచ్చి పోయే దారి దొరికాక మొక్కలు నిలదొక్కుకున్నాయి. మడ అడవిని కాపాడడమంటే మొక్కలు నాటడం ఒక్కటే కాదు, నీటి దారికి అడ్డు రాకపోవడం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ నడవడానికి మంచి కాలం. ఎండ తక్కువ, వలసపక్షులు ఎక్కువ. బయల్దేరేముందు ఆ రోజు పోటుపాట్ల వేళలు కనుక్కోండి. నీరు తీసినప్పుడు వెళ్లి, పోటు ఎక్కేదాకా ఉండండి. మాటలు తగ్గించి నడిస్తేనే పక్షులు నిలుస్తాయి. తీసుకెళ్లిన నీళ్లసీసాలు, కవర్లు తిరిగి మీతోనే తెచ్చుకోండి. వంతెన మీంచి జారవిడిచిన కవరు గాలి పీల్చే వేళ్లకే చుట్టుకుంటుంది, ఆ బురదలోకి దిగి దాన్ని తీసేవాళ్లు ఎవరూ ఉండరు.